శునకంతో ద్వీపవాసం

మానవునికి మచ్చికైన జంతువులలో శునకమే మొదటిది. వేటలోను, కాపలాలోను, వలసలోను అది అతనిని వెన్నంటే ఉంది. వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గానికి పోయే రథమెక్కడానికి ధర్మరాజు సమ్మతించని వృత్తాంతం మహాభారతంలోని మహాప్రస్థానిక పర్వంలో ఉంది. దానిని తెలుగు చేసినవాడు తిక్కన. ధర్మరాజుకు అడ్డు చెప్పినవాడు ఇంద్రుడు. ఉద్యోగరీత్యా ఒక ఏడాది ఉష్ణమండల ద్వీపంలో ఉండబోయే నేటి గృహస్థుకు అడ్డు చెప్పేది చట్టం. ఆ చట్టం అంత కఠినంగా ఎందుకుండాలో హవాయి దీవులను చూస్తే బోధపడుతుంది.

హవాయి పసిఫిక్ మహాసముద్రం నడుమ వెలసిన అగ్నిపర్వత ద్వీపసముదాయం. 1959లో అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఒకటైంది. పూర్వం పాలినేషియా నావికులు ఈ దీవులకు వలస వచ్చినప్పుడు పందులను, కోళ్లను, కుక్కలను తమ పడవలలో వెంట తెచ్చుకొన్నారు. కనుక అక్కడ కుక్క కొత్తది కాదు. లేనిది రేబిస్ వ్యాధి. అమెరికా రాష్ట్రాలన్నింటిలో ఆ వ్యాధి సోకనిది హవాయి ఒక్కటే. ఈ భాగ్యాన్ని కాపాడుకొనడానికే 1912 నుండి బయటి కుక్కలను, పిల్లులను క్వారంటైన్‌లో ఉంచే నియమం అమలులో ఉంది.

రేబిస్ స్వభావం విచిత్రమైనది. కాటు ద్వారా ప్రవేశించిన వైరస్ నాడుల వెంట నెమ్మదిగా మెదడుకు చేరుతుంది. ఇందుకు వారాలు, ఒక్కొక్కప్పుడు నెలలు పడుతుంది. అంతవరకు జంతువు ఆరోగ్యంగానే కనిపిస్తుంది. లక్షణాలు పొడసూపిన తరువాత మనిషికైనా, జంతువుకైనా మరణం దాదాపు తప్పదు. కనుకనే పూర్వం హవాయిలో దిగిన ప్రతి కుక్కనూ 120 రోజులు విడిగా ఉంచేవారు. చూపులకు ఆరోగ్యంగా ఉన్నంత మాత్రాన అధికారులు నమ్మకపోవడం క్రూరత్వం కాదు, వివేకం.

దీనికి మరొక కారణం ముంగిస. చెరకు తోటలలో ఎలుకలను అణచడానికి 1883లో హవాయి తోటల యజమానులు జమైకా నుండి ముంగిసలను తెప్పించారు. అవి అంతకు పదకొండేళ్ల క్రితం మన దేశం నుండి జమైకా చేరిన ముంగిసల సంతతి. ఎలుకలు రాత్రి తిరుగుతాయి, ముంగిసలు పగలు తిరుగుతాయి! అందువల్ల ఆశించిన ఫలితం దక్కలేదు సరికదా, నేలపై గూడు కట్టే పక్షుల గుడ్లకు ఆపద వచ్చిపడింది. ప్యూర్టోరికో దీవిలో ఇదే జాతి ముంగిసల ద్వారా రేబిస్ వ్యాపిస్తున్నది. హవాయిలో వ్యాధిగ్రస్తమైన కుక్క ఒక్కటి దిగి, వ్యాధి పొదలలోని ముంగిసలకు అంటుకొంటే దానిని పెకలించడం ఎవరి తరం?

నేడు ముందుగా సిద్ధపడినవారికి 120 రోజుల నిర్బంధం అక్కరలేదు. కుక్క చర్మం కింద బియ్యపు గింజంత మైక్రోచిప్ అమర్చాలి. కనీసం 30 రోజుల ఎడంతో రెండు రేబిస్ టీకాలు వేయించి ఉండాలి. టీకా పనిచేసిందో లేదో రక్తపరీక్ష ద్వారా నిరూపించాలి. ఆ రక్తం ప్రయోగశాలకు చేరిన తరువాత మరి 30 రోజులు ఆగాలి. ఈ నిరీక్షణ కాలం 2018 వరకు 120 రోజులుగా ఉండేది. ప్రయాణానికి ముందు పేలు, గోమార్ల మందు వేయించి, పశువైద్యుని ధ్రువపత్రం పొందాలి. కాగితాలు ప్రయాణానికి పది రోజుల ముందే అధికారులకు అందాలి. అన్నీ సక్రమంగా ఉంటే విమానాశ్రయంలోనే కుక్కను యజమానికి అప్పగిస్తారు. లేనిపక్షంలో అది 120 రోజుల వరకు క్వారంటైన్ కేంద్రంలో ఉండవలసి రావచ్చు. ఖర్చు వెయ్యి డాలర్లు దాటుతుంది. నాలుగు నెలల ఉద్యోగానికి పోయినవాడి కుక్క ఆ నాలుగు నెలలూ గదిలోనే గడిపితే, దానిని వెంట తీసుకొనిపోవడంలో అర్థమేమున్నది?

ద్వీపం చేరిన తరువాత ఉష్ణమండల వాతావరణం మరొక పరీక్ష. కుక్కకు మనవలె ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాచి రొప్పడమే దానికి చల్లదనం. పగ్ వంటి చప్పిడి ముక్కు జాతులకు ఆ రొప్పడమూ కష్టమే. 1932లో హవాయికి తెచ్చిన పెద్ద జాతి కప్ప చర్మంలో విషముంటుంది. కుక్క దానిని నోట కరిస్తే ప్రాణాపాయం. దోమల వల్ల గుండెలో చేరే పురుగులకు నెలనెలా మందు తప్పనిసరి.

రేబిస్ లేని దీవులు మన దేశంలోనూ ఉన్నాయి. తెలుగువారు గణనీయంగా స్థిరపడిన అండమాన్ దీవులు అటువంటివే. బదిలీపై అక్కడికి పోయే ఉద్యోగి కూడా తన కుక్క టీకాల పత్రాన్ని ఇంటి సామానులో కట్టివేయక చేతిసంచిలో ఉంచుకొనడం మంచిది. రెండు మూడు నెలల మకామే అయితే, ముసలి కుక్కను పెంచిన ఇంట్లోనే బంధువుల సంరక్షణలో ఉంచడం మేలని నా అభిప్రాయం. ఏడాదికి పైబడిన నివాసమైతే వెంట తీసుకొనిపోవచ్చు. అయితే ఏర్పాట్లు కనీసం నాలుగు నెలల ముందు, రెండు టీకాల తేదీలు సరిచూసుకొనడంతో మొదలు కావాలి.