కుటుంబపు కారు: ఇంజను నూనె ఏది? ఎంత?

కారు కొనుట ఒక యెత్తు, దానిని పదికాలాలపాటు చెడకుండ నిలుపుకొనుట మరియొక యెత్తు. కొన్నప్పుడు రంగును గూర్చి, సీట్లను గూర్చి ఇంటిల్లిపాదియు కూర్చుండి ఆలోచింతుము. ఇంజనులో పోయు నూనెను గూర్చి మాత్రము ఆలోచించు భారమును మెకానిక్కునకు వదలివేయుదుము. ఆ నూనెకు అగు ఖర్చు స్వల్పము. అది సరిలేక ఇంజను చెడినచో అగు ఖర్చు దానికి ఎన్నో రెట్లు. కావున ఏ నూనె పోయవలెను, ఎంత పోయవలెను అను రెండు ప్రశ్నలను ఈ ప్రసంగమున విచారింతము. పూర్తిగా బ్యాటరీపై నడచు కార్లకు ఇంజను నూనెతో పనిలేదు. పెట్రోలు, డీజిలు కార్లు గలవారికే ఈ మాటలు.

బండి ఇరుసునకు కందెన పెట్టనిదే బండి సాగదని మన పల్లెలలో తెలియనివారు లేరు. ఇంజనులో నూనె చేయు మొదటి పని అదియే. కారు రహదారిపై పోవునపుడు ఇంజనులోని క్రాంక్ అను ఇరుసు నిమిషమునకు 3,000 సార్లు తిరుగుననుకొందము. అనగా సెకనుకు 50 సార్లు. ఆ ఇరుసునకును, దానిని పట్టియుంచు బేరింగులకును నడుమనుండు సందు తల వెంట్రుక మందమునకు మించదు. ఆ సందులో నూనె పొర నిలచియున్నంత కాలము లోహము లోహమును తాకదు. పొర తెగిన క్షణమున అరుగుదల ప్రారంభమగును. ఇదిగాక నూనె పిస్టనుల వేడిని మోసికొనిపోవును, మసిని తనలో కలుపుకొని గోడలకు అంటకుండ చేయును, తుప్పు పట్టనీయదు. ఇన్ని పనులు చేయు వస్తువును ఎన్నుకొనుటలో కొంత శ్రద్ధ అవసరము గదా!

నూనెకు ముఖ్యగుణము చిక్కదనము. శాస్త్రజ్ఞులు దీనిని స్నిగ్ధత అందురు. ఆముదము మెల్లగా జారును, నువ్వులనూనె త్వరగా జారును. ఒకే నూనె అయినను చలిలో చిక్కబడును, వేడిలో పలుచబడును. చలికాలమున కొబ్బరినూనె సీసాలో పేరుకొనుట మనమెరిగినదే. ఇంజను నూనెకు ఈ రెండు స్థితులలోను పని యుండును. తెల్లవారి ఇంజను ఆడించునపుడు అది చల్లగా నుండియు త్వరగా పైభాగములకు చేరవలెను. గంటసేపు నడచిన పిమ్మట కాగియు మరీ పలుచన కారాదు.

డబ్బాపై కనబడు 5 డబ్ల్యు-30, 15 డబ్ల్యు-40 మొదలగు గుర్తులు ఈ రెండు స్థితులనే తెలుపును. ఈ వర్గీకరణను అమెరికాలోని మోటారు ఇంజనీర్ల సంఘమువారు ఏర్పరచిరి. ఎస్.ఎ.ఇ. అను అక్షరములు ఆ సంఘమునకు గుర్తు. డబ్ల్యు అను అక్షరము శీతకాలమును సూచించును. దానికి ముందున్న అంకె ఎంత చిన్నదైన, చలిలో ఆ నూనె అంత సులువుగా పారును. చివరి అంకె కాగిన నూనె చిక్కదనమును తెలుపును. 100 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో 20 గ్రేడు నూనె చిక్కదనము 6.9 మొదలు 9.3 సెంటీస్టోక్స్ లోపు. 30 గ్రేడునకు 9.3 మొదలు 12.5 లోపు, 40 గ్రేడునకు 12.5 మొదలు 16.3 లోపు. మామూలు వేడిలోనున్న నీటి చిక్కదనము సుమారు ఒక సెంటీస్టోక్ అని తలచుకొన్నచో ఈ అంకెల భావము బోధపడగలదు.

ఇచ్చట చాలమందికి గల ఒక అపోహను తొలగింపవలసియున్నది. "మనది వేడిదేశము, రెంటచింతలలోను రామగుండములోను ఎండ 45 డిగ్రీలకు పోవును, కావున చిక్కని నూనె పోసిన మంచిది" అని కొందరందురు. వినుటకు సబబుగానే తోచును. కాని ఇంజను లోపలి వేడిని నిర్ణయించునది ముఖ్యముగా బయటి ఎండ కాదు. థర్మోస్టాటు, రేడియేటరు, ఫ్యాను కలసి ఇంజను చుట్టును తిరుగు నీటిని ఏ కాలమునందైనను ఇంచుమించు 90 డిగ్రీల దగ్గరనే నిలుపును. ఇంజనును నిర్మించినవారు సందులను, నూనె పంపును ఒక చిక్కదనమునకు తగినట్లు అమర్చియుందురు. 0 డబ్ల్యు-20 కొరకు నిర్మించిన ఇంజనులో 20 డబ్ల్యు-50 పోసినచో ఉదయము ఆడించునపుడు నూనె పైకి చేరుట ఆలస్యమగును. ఇంధనపు ఖర్చు పెరుగును. అట్లే చిక్కని నూనె కోరు పాత ఇంజనులో మరీ పలుచని నూనె పోసినచో పొర నిలువదు. చలి విషయమునకు వచ్చినచో, లంబసింగిలో సైతము ఉష్ణోగ్రత కొన్ని శీతకాలములలో సున్నకు దగ్గరగా పోవునేగాని, 20 డబ్ల్యు నూనెకు గల హద్దు సున్నకు దిగువ 20 డిగ్రీలు. కావున మన ప్రాంతములలో నూనె గడ్డకట్టునను భయము లేదు.

మరి ఏ గ్రేడు పోయవలెను? కారుతోపాటు కంపెనీవారిచ్చిన పుస్తకములో వ్రాసినదే. ఆ పుస్తకమును కారు అరలో పడవేసి మరచితిమేని, నేడే బయటికి తీసి "ఇంజను ఆయిలు" అను పుటను చూడవలెను. కొన్ని పుస్తకములలో రెండు మూడు గ్రేడులను ఇచ్చి, ఏ ఉష్ణోగ్రతలకు ఏది తగునో పట్టికగా చూపుదురు. ఎన్నిక ఆ పట్టిక లోపలనే జరుగవలెను. "నా యనుభవములో ఇదే మంచిది" అను మాటకన్న నిర్మించినవాని మాట మేలు.

గ్రేడు ఒక్కటే చాలదు. నూనె నాణ్యతను తెలుపు ప్రమాణము వేరుగ నుండును. అమెరికన్ పెట్రోలియం సంస్థవారి గుర్తు ఎ.పి.ఐ. అని డబ్బాపై నుండును. దానిని అనుసరించి ఎస్ అను అక్షరముతో మొదలగునవి పెట్రోలు ఇంజనులకు, సి అను అక్షరముతో మొదలగునవి డీజిలు ఇంజనులకు సంబంధించినవి. రెండవ అక్షరము వర్ణమాలలో ముందుకు పోయినకొలది ప్రమాణము కొత్తది. ఎస్.ఎన్. 2010లోను, ఎస్.పి. 2020లోను, ఎస్.క్యు. 2025లోను వచ్చినవి. పెట్రోలు కార్లలో పాత ప్రమాణమడిగిన చోట కొత్తది వాడవచ్చును. కొత్తదడిగిన చోట పాతది వాడరాదు. చిన్న టర్బో పెట్రోలు ఇంజనులలో తక్కువ వేగమున ఇంధనము వేళకు ముందే మండి పిస్టనును దెబ్బతీయు బెడద యొకటి కలదు. ఎస్.పి. ప్రమాణములో ఆ బెడదకు నివారణ చూపబడినది. కావున టర్బో కారు గలవారు ఈ యక్షరములను మరింత జాగ్రత్తగా చూడవలెను.

డీజిలు కార్లవారికి మరియొక మాట. భారత దేశమున 2020 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన బి.ఎస్. 6 నియమములను అనుసరించి తయారైన డీజిలు కార్లలో పొగగొట్టమున మసిని పట్టు వడపోత యుండును. నూనె మండినప్పుడు మిగులు బూడిద ఆ వడపోతను క్రమముగా మూసివేయును. అందుచేత వీనికి బూడిద తక్కువగల ప్రత్యేకపు నూనెలను నిర్ణయించిరి. లారీకి తెచ్చిన నూనె మిగిలినదని ఇట్టి కారులో పోయుట తగదు. కారు నూనెను మోటారు సైకిలులో పోయుటయు తగదు. చాల మోటారు సైకిళ్ళలో క్లచ్చి ఆ నూనెలోనే మునిగియుండును. కారు నూనెతో అది జారును.

ఖనిజతైలము, సగము సింథటిక్, పూర్తి సింథటిక్ అను భేదములు కలవు. సింథటిక్ నూనె చలిలో సులువుగా పారును, వేడికి త్వరగా చెడదు. పుస్తకము దానిని కోరినచో అదియే వాడవలెను. కాని "సింథటిక్" అను మాట పెద్ద అక్షరములలో ఉన్నంత మాత్రమున మన కారునకు తగినదని కాదు. గ్రేడు, ప్రమాణము సరిపోయినవో లేదో ముందు చూచి, పిదప ఈ మాటను చూడవలెను. కల్తీ సరకు అంగళ్ళలో లేకపోలేదు గనుక, నమ్మకమైన చోట మూత బిగువు చూచి, బిల్లు తీసికొని కొనవలెను.

ఇక రెండవ ప్రశ్న: ఎంత? చిన్న పెట్రోలు కార్లకు సాధారణముగా 3 మొదలు 4 లీటర్ల వరకు పట్టును. పెద్ద ఇంజనులకు ఇంకను ఎక్కువ. పుస్తకములో రెండు అంకెలుండవచ్చును. ఫిల్టరుతో సహా మార్చినచో ఎంత, ఫిల్టరు మార్చక నూనె మాత్రమే మార్చినచో ఎంత అని. ఫిల్టరు ప్రతిసారియు మార్చుట మేలు గనుక మొదటి అంకెయే మనకు ముఖ్యము.

పొరపాటు జరుగు చోటు ఇదియే. ఒక కారునకు ఫిల్టరుతో 3.1 లీటర్లు పట్టుననుకొందము. అంగడిలో దొరకు డబ్బా 3.5 లీటర్లది. మిగిల్చిన వృథాయగునని డబ్బా మొత్తము వంచివేయుదురు. 400 మిల్లీలీటర్లు అదనముగా పోసినట్లయినది. ఎక్కువైన మంచిదే గదా అని తోచును, కాని కాదు. నూనె మట్టము పెరిగి తిరుగు క్రాంక్ దానిని చిలుకును. కవ్వముతో చిలికిన మజ్జిగవలె నురుగు లేచును. నురుగులో గాలి యుండును. గాలి పొరగా నిలువదు, బేరింగులను కాపాడదు. మిగులు నూనె సీళ్ళగుండ కారవచ్చును, మండి నీలిపొగ రావచ్చును, పొగగొట్టములోని శుద్ధియంత్రము చెడవచ్చును. తక్కువైనచో, ముఖ్యముగా మలుపులలోను ఎత్తులలోను, పంపు నూనెకు బదులు గాలిని పీల్చును. కావున మిగిలిన నూనెకు మూత బిగించి ఇంటికి తెచ్చుకొనవలెను. నడుమ తగ్గినప్పుడు పోయుటకు అదియే పనికివచ్చును.

మట్టము చూచు విధానము సులువు. కారును సమతలమున నిలిపి, వేడెక్కిన ఇంజనును ఆపి, నూనె క్రిందికి దిగుటకు అయిదు పది నిమిషములు వేచియుండవలెను. డిప్ స్టిక్కును తీసి శుభ్రమైన గుడ్డతో తుడిచి, మరల పూర్తిగా దింపి తీసి చూడవలెను. మొదటిసారి తీసినప్పుడు కనబడునది లెక్కకు రాదు. నూనె గుర్తు దిగువ గీతకును ఎగువ గీతకును నడుమ నుండవలెను. చాలా కార్లలో ఆ రెండు గీతల నడుమ దూరము ఇంచుమించు ఒక లీటరు. కావున మట్టము దిగువ గీతపై నున్నచో ఒక్కసారి లీటరు వంపక, పావు లీటరు చొప్పున పోయుచు, ప్రతిసారియు కొంత తడవు ఆగి చూచుచు పోవలెను. కొన్ని కొత్త కార్లలో డిప్ స్టిక్కు లేక, మట్టము ముందరి తెరపైననే కనబడును. రెండు వారముల కొకసారియు, దూరప్రయాణమునకు ముందును చూచుట మంచి యలవాటు.

చూచినప్పుడు రంగును, వాసనను గమనింపవలెను. నల్లబడినంత మాత్రమున నూనె చెడినదని కాదు. మసిని తనలో పట్టియుంచుట దాని పనియే. డీజిలు కారులో కొద్ది దినములకే నల్లబడును. కాని పాలు కలిపినట్లు తెల్లగా మారినచో నీరు చేరినదని గ్రహింపవలెను. పోయకయే మట్టము పెరిగి ఇంధనపు వాసన వచ్చుచున్నచో ఇంధనము కలియుచున్నదని యర్థము. బి.ఎస్. 6 డీజిలు కార్లు ఎప్పుడును ఊరిలోనే కొద్ది దూరములు తిరిగినచో, మసివడపోత శుద్ధి నడుమ నాగిపోయి ఇట్లు జరుగవచ్చును. ఈ రెండింటిలోను వెంటనే మెకానిక్కునకు చూపవలెను.

ఎర్రని నూనెదీపమును గూర్చి ప్రతి కుటుంబ సభ్యుడును తెలిసికొనవలెను. అది సాధారణముగా మట్టమును గాక, నూనె ఒత్తిడి పడిపోయినదని తెలుపును. నడుచుచుండగా అది వెలిగినచో "వచ్చు ఊరివరకు పోవుదము" అనరాదు. రాత్రియైనను, పిల్లలు వెంటనున్నను, రోడ్డు ప్రక్కన భద్రమైన చోట నిలిపి ఇంజనును ఆపివేయవలెను. మట్టము తగ్గియున్నచో పోసి చూడవచ్చును. కోరిన నూనె దొరకనిచో, దగ్గరి గ్రేడుగల మరొక కంపెనీ నూనెయైనను పోయుట నూనె లేక నడపుటకన్న మేలు. మట్టము సరిగానుండియు దీపము ఆరనిచో ఇంజనును ఆడింపరాదు. బండిని లాగించుకొని పోవలసినదే. కొద్ది నిమిషముల తొందర ఇంజనునే బలిగొనగలదు.

మార్చు గడువు చాల పెట్రోలు కార్లకు 10,000 కిలోమీటర్లు లేక ఒక సంవత్సరము, ఏది ముందైన అది. కారు ఇంటిముందే నిలచియున్నను సంవత్సరపు గడువు తప్పదు. దుమ్ము, రద్దీ, చిన్న చిన్న ప్రయాణములు ఎక్కువైనచో పుస్తకములో కష్టపరిస్థితులకు చెప్పిన తక్కువ గడువును పాటింపవలెను. మార్చునపుడు క్రిందిబోల్టునకు కొత్త వాషరు వేయించి, పుస్తకము చెప్పినదానికి కొంచెము తక్కువగ పోయించి, ఇంజనును ఒక నిమిషము ఆడించి, ఆపి, మట్టము చూచి మిగిలినది చేర్పించుట సరియైన క్రమము.

తీసిన పాత నూనెను కాలువలోగాని నేలపైగాని పోయరాదు. అది చర్మమునకును నీటికిని హాని చేయును. మన దేశపు చట్టము దానిని అపాయకరమైన వ్యర్థముగ నెంచి, అనుమతి పొందిన శుద్ధిశాలలకే పంపవలెనని విధించినది. ఇంట మార్చుకొనువారు దానిని డబ్బాలో పట్టి, పాత నూనెను సేకరించు సర్వీసు కేంద్రమున కొప్పగింపవలెను.

ఇంతయు చెప్పి మేము కోరునది మూడు పనులు మాత్రమే. పుస్తకము తెరచి మన కారునకు తగిన గ్రేడును, ప్రమాణమును, పట్టు కొలతను ఒక చీటిపై వ్రాసి కారులో నుంచుడు. సర్వీసుకిచ్చునపుడు ఆ చీటిని చూపుడు. తిరిగి తెచ్చుకొనునపుడు డిప్ స్టిక్కును మీ చేతితోనే తీసి చూడుడు. ఈ మూడింటికి పట్టు కాలము పది నిమిషములు మించదు.