పొమ్మన్నా పోని ప్రోగ్రాములు

విండోస్ కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ అయిన ప్రోగ్రాముల జాబితా ఒకటి ఉంటుంది. సెట్టింగ్స్‌లోంచి వెళ్లినా, పాత కంట్రోల్ ప్యానెల్‌లోంచి వెళ్లినా కనిపించేది ఇంచుమించు అదే: ప్రోగ్రాము పేరు, కంపెనీ పేరు, ఎక్కించిన తేదీ, ఎంత చోటు తిన్నదీ, ఆ పక్కనే అన్‌ఇన్‌స్టాల్ అనే మాట. దాని మీద నొక్కగానే విండోసే ప్రోగ్రామును ఊడబెరికి పారేస్తుందని చాలామంది నమ్మకం. చాలాసార్లు విండోస్ ఆ పని చేయదు. ప్రోగ్రాము వచ్చేటప్పుడు వెంట తెచ్చుకున్న మరో చిన్న ప్రోగ్రామును లేపి, పని దానికి అప్పగించి పక్కకు తప్పుకుంటుంది. బయటికి పోయే దారి తెలిసింది లోపలికి వచ్చినవాడికే. ఆ దారి రాసిన కాగితం పోయిందంటే, పదేళ్లుగా ఎవరూ ముట్టని సాఫ్ట్‌వేర్ కూడా ఇంటి కంప్యూటర్‌ను పట్టుకుని వేలాడుతుంది. అందులో మొండితనం కంటే కాగితాల గల్లంతే ఎక్కువ.

జాబితాలో ఒక్క వరుస

ఆ కాగితం ఉండే చోటు రిజిస్ట్రీ. విండోస్ తన లెక్కలన్నీ రాసుకునే చిట్టా అది. స్టార్ట్ మెనూలో రెజ్‌ఎడిట్ అని కొడితే తెరుచుకుంటుంది. లోకల్ మెషీన్ అనే కొమ్మ పట్టుకుని సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్, కరెంట్ వెర్షన్ మీదుగా దిగితే అన్‌ఇన్‌స్టాల్ అనే ఫోల్డర్ తగులుతుంది. ప్రోగ్రాముకొకటి చొప్పున అందులో పదుల కొద్దీ ఉపఫోల్డర్లు. 64 బిట్ విండోస్‌లో 32 బిట్ ప్రోగ్రాములకు ఇలాంటిదే ఇంకో చోట ఉంది. ఒక్క వినియోగదారుడి కోసం ఎక్కించినవాటికి మూడోది. పాత సామాను ఎక్కువగా కనబడేది రెండోదాంట్లో.

వీటిలో ఏదో ఒకటి తెరిచి చూస్తే, సెట్టింగ్స్‌లో కనిపించే వరుస ఎలా తయారవుతుందో తెలిసిపోతుంది. డిస్‌ప్లేనేమ్ అన్న చోట ఉన్నదే జాబితాలోని పేరు. ఇన్‌స్టాల్‌డేట్‌లో తేదీ ఎనిమిది అంకెలుగా ఉంటుంది: ఏడాది, నెల, రోజు. ఎస్టిమేటెడ్‌సైజ్‌లో కిలోబైట్ల లెక్క. ఇవన్నీ ఇన్‌స్టాల్ అయిన రోజు రాసినవి. జాబితాలో పరిమాణం చూసి 'ఇది తీస్తే ఇంత చోటు మిగులుతుంది' అనుకునేవారు గమనించాల్సింది అదే: చాలావాటికి అది పాత అంచనా, ఇవాళ కొలిచింది కాదు. నోరిమూవ్ అనే చోట 1 ఉంటే తీసేసే బటనే రాదు. సిస్టమ్‌కాంపొనెంట్ అనే చోట 1 ఉంటే ప్రోగ్రాము జాబితాలోనే కనిపించదు, కంప్యూటర్‌లో మాత్రం దిట్టంగా కూర్చుని ఉంటుంది. కనిపించాలా వద్దా అన్నది కూడా వచ్చినవాడే రాసుకోవచ్చన్నమాట.

వీటన్నిటిలోకీ ప్రాణమున్న పంక్తి అన్‌ఇన్‌స్టాల్‌స్ట్రింగ్. అన్‌ఇన్‌స్టాల్ నొక్కినప్పుడు నడపాల్సిన ఆజ్ఞ అందులో ఉంటుంది. కొన్ని ప్రోగ్రాములకు అది తమ ఫోల్డర్‌లోనే ఉన్న అన్‌ఇన్‌స్టాలర్ ఫైలు చిరునామా. ఎవరో తెలిసీ తెలియక ఆ ఫోల్డర్‌ను ముందే డిలీట్ చేసి ఉంటే చిరునామా మిగులుతుంది, మనిషి ఉండడు. అప్పుడు విండోస్ ఒక మర్యాదైన ప్రశ్న వేస్తుంది: తీసేయడంలో పొరపాటు జరిగింది, ఇప్పటికే తీసేసి ఉండవచ్చు, జాబితాలోంచి పేరు కొట్టేయమంటారా? సరే అంటే పోయేది పేరొక్కటే. మిగిలిన ఫైళ్లు, సర్వీసులు ఎక్కడివక్కడే ఉంటాయి. చనిపోయినవారి పేరు ఓటర్ల జాబితాలో ఉండిపోవడం అందరికీ తెలిసిందే. ఇక్కడ దానికి రివర్సు కూడా జరుగుతుంది, పేరు కొట్టేసినా మనిషి ఇంట్లోనే ఉంటాడు.

మరికొన్నింటికి ఆ పంక్తి ఎంఎస్ఐ ఎగ్జెక్ అనే విండోస్ సొంత పనివాడితో మొదలవుతుంది. దాని వెనక ఒక అక్షరం, మీసాల బ్రాకెట్లలో 32 అంకెలూ అక్షరాలూ కలిసిన కోడ్. అక్షరం 'ఎక్స్' అయితే తొలగించమని, 'ఐ' అయితే ఇన్‌స్టాల్ చేయమని అర్థం. విచిత్రం ఏమిటంటే, తొలగింపు పంక్తిలో 'ఐ' ఉన్న ప్రోగ్రాములు కోకొల్లలు. ఇప్పటికే ఉన్న ప్రోగ్రాముకు 'ఐ' ఇస్తే మార్చాలా, బాగుచేయాలా, తీసేయాలా అని అడిగే కిటికీ వస్తుంది. ఆ కిటికీ సరిగా రాక తొలగింపు నిలిచిపోతే, అదే పంక్తిని కమాండ్ ప్రాంప్ట్‌లో 'ఐ' బదులు 'ఎక్స్' పెట్టి నడిపి చూడవచ్చు. అడ్మినిస్ట్రేటర్ హోదాలో తెరిచిన ప్రాంప్ట్ కావాలి. ఒక్క అక్షరం మార్పుతో పదేళ్ల పీడ వదిలిన సందర్భాలు ఉంటాయి.

ఈ 32 అక్షరాల కోడ్‌తో ఇంకో తిరకాసు. విండోస్ ఇన్‌స్టాలర్ తన లోపలి చిట్టాల్లో అదే కోడ్‌ను తిరగేసి రాసుకుంటుంది: మొదటి మూడు గుంపులు పూర్తిగా వెనకనుంచి ముందుకు, మిగిలినవి జంటజంటలుగా అటూఇటూ. కనిపించిన కోడ్‌ను కాపీ చేసి రిజిస్ట్రీ అంతా గాలించి, 'ఇంకెక్కడా లేదు' అని తేల్చుకునేవారు మోసపోయేది ఇక్కడే. ఉంటుంది, తలకిందులుగా ఉంటుంది.

లేని నెట్‌వర్క్ గురించిన ఫిర్యాదు

ఎంఎస్ఐ రకం ప్రోగ్రాములను తీసేటప్పుడు తరచూ వచ్చే సందేశం ఒకటుంది. కావలసిన సదుపాయం అందుబాటులో లేని నెట్‌వర్క్ వనరు మీద ఉందని దాని సారాంశం. ఇంట్లో ఒకే కంప్యూటర్, నెట్‌వర్క్ అన్నదే లేదు, అయినా ఇదే మాట. ఆఫీసుల కోసం రాసిన వాక్యం ఇళ్లకు కూడా వచ్చేసింది, అంతే.

దాని అసలు అర్థం వేరు. ఏ ఫైలు ఎక్కడ పెట్టాలి, ఏది తీయాలి అన్న పట్టీ ఎంఎస్ఐ ఫైలులో ఉంటుంది. ఇన్‌స్టాల్ అయినప్పుడు విండోస్ దాని నకలు ఒకటి సి డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్ లోపల ఇన్‌స్టాలర్ అనే దాచిన ఫోల్డర్‌లో పెట్టుకుంటుంది. ఫైలు పేరు అర్థంపర్థం లేని అంకెల కలగాపులగం. చోటు చాలడం లేదని ఎవరో ఆ ఫోల్డర్ ఖాళీ చేసి ఉంటారు. నకలు పోయింది కనుక విండోస్ అసలు కోసం వెతుకుతుంది. ఆ అసలు వచ్చింది ఎప్పుడో పారేసిన సీడీలోంచో, డౌన్‌లోడ్ అయి చెరిగిపోయిన తాత్కాలిక ఫోల్డర్‌లోంచో. దొరకదు, తొలగింపు ఆగిపోతుంది.

దీనికి మందు వింతగా ఉన్నా తర్కం ఉంది. అదే ప్రోగ్రాము, అచ్చంగా అదే వెర్షన్ ఇన్‌స్టాలర్‌ను సంపాదించి ఆ సందేశపు కిటికీకి దాని ఫోల్డర్ చూపించాలి. లేదా పాతదాని మీదే మళ్లీ ఎక్కించి, చెక్కుచెదరని పట్టీతో అప్పుడు తీసేయాలి. కొత్త వెర్షన్ పనికిరాదు, ఎందుకంటే దాని పట్టీ వేరు. పాత ఇన్‌స్టాలర్ ఎక్కడా దొరకకపోతే మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే ఇన్‌స్టాల్, అన్‌ఇన్‌స్టాల్ ట్రబుల్‌షూటర్ ఉంది. అది రిజిస్ట్రీలోని చెడిపోయిన లెక్కలను సరిచేస్తుంది. దీనికి ముందు మైక్రోసాఫ్ట్‌దే విండోస్ ఇన్‌స్టాలర్ క్లీనప్ యుటిలిటీ ఉండేది. ఒకదాన్ని తుడుస్తూ పక్కవాటిని పాడుచేస్తోందని 2010లో దాన్ని సొంత కంపెనీయే వెనక్కి తీసుకుంది. ఇప్పటికీ దాన్ని ఎక్కడెక్కడినుంచో తెచ్చి సిఫారసు చేసేవారున్నారు. వినకపోవడం మంచిది.

ఇదంతా ఎలా మొదలైంది

విండోస్ 3.1 రోజుల్లో తొలగింపు అనే ఏర్పాటే లేదు, ప్రోగ్రాములు తమ గుర్తులు సిస్టమ్ ఫైళ్లలో చల్లి పోయేవి, వాటిని ఏరడానికి క్లీన్‌స్వీప్ లాంటివి డబ్బిచ్చి కొనేవారు. విండోస్ 95తో 'యాడ్ / రిమూవ్ ప్రోగ్రామ్స్' వచ్చింది. ఆఫీస్ 2000తో పాటు 1999లో విండోస్ ఇన్‌స్టాలర్ వచ్చింది. ఆ జాబితా కోర్టుకు కూడా ఎక్కింది: ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ను అందులో చేర్చకపోవడం పోటీని అణచడమేనని 2001లో అమెరికా అప్పీళ్ల కోర్టు తేల్చింది. ఆ ఎక్స్‌ప్లోరర్‌కు మద్దతు 2022 జూన్ 15న ముగిసింది, 2023 ఫిబ్రవరి 14న ఎడ్జ్ అప్‌డేట్ దాన్ని పనిచేయకుండా మూసేసింది.

కొత్తది వచ్చినా పోని పాతది

పాత సాఫ్ట్‌వేర్ ఉంటే ఏమవుతుందని అడిగేవారికి జావా మంచి జవాబు. జావా అప్‌డేట్ చేస్తే కంప్యూటర్ భద్రమవుతుందని చెప్పేవారు. చాలాకాలం ఆ అప్‌డేట్ తనకు సరిగ్గా ముందున్న వెర్షన్‌ను మాత్రమే తీసేది, అంతకు ముందువి అలాగే ఉండిపోయేవి. జావా 6 అప్‌డేట్ 10 కంటే పాతవాటినైతే అసలు ముట్టేదే కాదు. తలుపుకు కొత్త తాళం వేసి, పక్కనున్న దొడ్డిదారి తెరిచి ఉంచినట్టు. దొంగలకు ఆ పాత వెర్షన్ల లోపాలు బాగా తెలుసు. ఈ సంగతి వినియోగదారులకు చెప్పలేదని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2015 డిసెంబరులో జావా కంపెనీ ఒరాకిల్ మీద అభియోగం మోపింది. 85 కోట్లకు పైగా కంప్యూటర్లలో జావా ఉందని కమిషనే పేర్కొంది. పాతవి తీసే సులువైన మార్గం కల్పించడానికి కంపెనీ ఒప్పుకుంది. ఇంటి కంప్యూటర్‌లో జావా 6, జావా 7 వరుసగా కనిపిస్తే వాటి చరిత్ర ఇది. అవసరం లేకపోతే అన్నిటినీ తీసేయవచ్చు.

విండోస్‌కు చేసిన క్విక్‌టైమ్‌దీ ఇదే దారి. రెండు లోపాలు బయటపడ్డాయి, ఆపిల్ వాటిని సరిచేయడం మానేసింది, తీసేయమని 2016 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వ సైబర్ విభాగమే చెప్పింది.

రీస్టార్ట్ ఎందుకు అడుగుతుంది

నడుస్తున్న ప్రోగ్రాము ఫైలును విండోస్ చెరపనివ్వదు. అందుకని అన్‌ఇన్‌స్టాలర్ ఆ ఫైళ్ల పేర్లు రిజిస్ట్రీలో ఒక చీటీ మీద రాసి పెడుతుంది. తర్వాతిసారి కంప్యూటర్ లేచేటప్పుడు, మిగతావేవీ మేలుకోకముందే, విండోస్ ఆ చీటీ చూసి చెరిపేస్తుంది. రీస్టార్ట్ వాయిదా వేసి అదే ప్రోగ్రామును మళ్లీ ఎక్కిస్తే కొత్త ఫైళ్లు కూడా ఆ చీటీకి బలి కావచ్చు.

యాంటీవైరస్‌ల వ్యవహారం వేరు. తమను ఎవరూ ఆపకూడదన్నదే వాటి పని కనుక, తీసేసేవాడిని కూడా దొంగలాగే చూస్తాయి. అందుకే వాటి కంపెనీలే ప్రత్యేకంగా తొలగింపు పనిముట్లు ఇస్తాయి: మెకాఫీకి ఎంసీపీఆర్, అవాస్ట్‌కు అవాస్ట్ క్లియర్, కాస్పర్‌స్కీకి కావ్‌రిమూవర్. కొన్నింటిని సేఫ్ మోడ్‌లో నడపాలి. 'ఏది పోకపోయినా సేఫ్ మోడ్‌లోకి వెళ్లి తీసేయ్' అన్న ఊరుమ్మడి సలహా పుట్టింది అక్కడే. ఎంఎస్ఐ రకాలకు అది చెల్లదు. సేఫ్ మోడ్‌లో విండోస్ ఇన్‌స్టాలర్ సర్వీసు మామూలుగా లేవదు.

మిగిలిన చెత్త

తొలగింపు సవ్యంగా అయినా కొన్ని ఆనవాళ్లు ఉంటాయి. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఖాళీ ఫోల్డర్, యాప్‌డేటాలో సెట్టింగులు, టాస్క్ షెడ్యూలర్‌లో ఒక అప్‌డేట్ పని. వీటిలో నిజంగా ఇబ్బంది పెట్టేవి కంప్యూటర్‌తో పాటు మొదలయ్యేవే. వాటిని చూడటానికి మైక్రోసాఫ్ట్ సిస్‌ఇంటర్నల్స్ వారి ఆటోరన్స్ చాలు. ఫైలు లేకుండా పేరు మాత్రం మిగిలినవాటిని పసుపు రంగులో చూపిస్తుంది. ముందు టిక్కు తీసి రెండు రోజులు చూడటం, తర్వాత చెరపడం క్షేమం. రిజిస్ట్రీలో ఏది చెరిపినా ముందు ఆ భాగాన్ని ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకోవాలి. రిస్టోర్ పాయింట్ పెట్టే ముందు సిస్టమ్ ప్రొటెక్షన్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోవాలి.

పాత ప్రోగ్రాములు పోతూపోతూ 'ఈ షేర్డ్ ఫైలును తీసేయనా?' అని అడుగుతాయి. ఎన్ని ప్రోగ్రాములు ఆ ఫైలును పంచుకుంటున్నాయో రిజిస్ట్రీలో లెక్క ఉంటుంది. ఎక్కేటప్పుడు ఒకటి కలపడం మరచిన ప్రోగ్రాములు ఎన్నో, కాబట్టి ఆ లెక్కను నమ్మలేం. 'వద్దు' అనడమే సరైన జవాబు. పోయేది కాస్త డిస్కు చోటే.

ఇక వేలకొద్దీ తప్పులు దొరికాయని ఎర్ర అంకెలు చూపించే రిజిస్ట్రీ క్లీనర్లు. అనాథగా మిగిలిన పంక్తులు రిజిస్ట్రీ వేగాన్ని పెద్దగా తగ్గించవు. పొరపాటున చెరిపిన ఒక్క పంక్తి మాత్రం విండోస్‌నే పడుకోబెట్టగలదు. ఇలాంటివాటిని తాము సమర్థించబోమని మైక్రోసాఫ్ట్ చెబుతూనే ఉంది. ఒక సాఫ్ట్‌వేర్‌ను వదిలించుకోవడానికి తెచ్చిన క్లీనర్ తర్వాత తనే మొండికేయడం కూడా మామూలే.

బాక్సు: ఫ్లాష్

ఫ్లాష్ ప్లేయర్‌కు 2020 డిసెంబరు 31తో మద్దతు ఆగింది. 2021 జనవరి 12 నుంచి ఫ్లాష్ బొమ్మలు నడవకుండా అడోబీయే అడ్డుకట్ట వేసింది. మైక్రోసాఫ్ట్ ఇచ్చిన కేబీ 4577586 అప్‌డేట్ విండోస్‌తో వచ్చిన ఫ్లాష్‌ను మాత్రమే తీస్తుంది. చేత్తో ఎక్కించుకున్నది ఉంటే విడిగా తీయాలి. ఈ అప్‌డేట్‌ను మాత్రం వెనక్కి తీసే వీలు లేదు.

బాక్సు: పాటల సీడీతో వచ్చిన చుట్టం

2005 అక్టోబరు 31న మార్క్ రసినోవిచ్ అనే నిపుణుడు తన కంప్యూటర్‌లో దాక్కున్న ఫైళ్ల సంగతి బయటపెట్టాడు. సోనీ బీఎంజీ పాటల సీడీలు కాపీ కాకుండా ఎక్స్‌సీపీ అనే సాఫ్ట్‌వేర్ గుట్టుగా ఎక్కేది. దాని డ్రైవర్‌ను చేత్తో చెరిపితే సీడీ డ్రైవే మాయమయ్యేది. తీసేయడానికని కంపెనీ ఇచ్చిన పనిముట్టు కొత్త భద్రతా లోపాన్ని తెచ్చిపెట్టింది. చివరికి ఆ సీడీలను వెనక్కి తీసుకున్నారు.

బాక్సు: అను అక్షరాలు తీసే ముందు

పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు కంపోజ్ చేసిన ఇళ్లలోని పాత కంప్యూటర్లలో పేజ్‌మేకర్, అను ఫాంట్లు ఇంకా ఉంటాయి. అను ఫాంట్లు యూనికోడ్‌వి కావు. ఫైలులో నిజంగా ఉండేవి ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల కోడ్‌లే. వాటికి తెలుగు రూపం తొడిగేది ఫాంటు. అది పోయిన మరుక్షణం శుభలేఖంతా గజిబిజి గుర్తులవుతుంది. పేజ్‌మేకర్ 2001 నాటి 7.0తో ఆగిపోయింది, దాని ఫైళ్లను ఇన్‌డిజైన్ సీఎస్6 వరకే తెరవగలిగింది, ఆ తర్వాతి వెర్షన్లు తెరవవు. అందుకని ముందు ప్రతి ఫైలునూ ఫాంట్లు కలిసి ఉండేలా పీడీఎఫ్ చేయాలి, విండోస్ ఫాంట్స్ ఫోల్డర్‌లోని అను ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లో దాచాలి, మళ్లీ వాడాల్సిన పాఠాన్ని కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చాలి. మార్పిడిలో వత్తులు, గుణింతాలు అక్కడక్కడా చెదురుతాయి. పాత ప్రింటు పక్కన పెట్టుకుని ఒకసారి చదివి సరిచూసుకున్నాకే అన్‌ఇన్‌స్టాల్ నొక్కాలి.