ఆ ఇసుక దులపకు

"తాతయ్యా, డిస్కు పాడైపోయినట్టుంది. అపూ మొహం మీద ఇసుక రాలుతోంది చూడు" అంటూ రిమోట్ అందుకుంది మనవరాలు. టీవీలో 'పథేర్ పాంచాలి' బ్లూరే నడుస్తోంది.

ఆగమ్మా, కట్టేయకు. అది ఇసుక కాదు, వెండి. మీ నానమ్మ పట్టీల్లో ఉండే వెండే. నలుపు తెలుపు ఫిల్మంటే పల్చటి పట్టీ మీద జెలటిన్ పూత. పశువుల ఎముకలూ చర్మమూ ఉడికిస్తే వచ్చే జిగురు అది. (ఈ ముక్క నానమ్మ చెవిన వెయ్యకు, సినిమాలు మానేస్తుంది.) ఆ జిగురులో వెండి లవణాల పలుకులుంటాయి. వెలుగు సోకిన పలుకులు, ల్యాబులో కడిగాక, నల్లటి వెండిగా మిగులుతాయి. ఒక బొమ్మలో అవి ఉన్నచోట తర్వాతి బొమ్మలో ఉండవు. సెకనుకు 24 బొమ్మలు మారుతుంటే ముగ్గుపిండి ఆడుతున్నట్టు కనిపిస్తాయి. దాన్నే గ్రెయిన్ అంటారు.

ఇన్నాళ్లూ ఎందుకు కనపడలేదంటావా? మేం చూసిన వీసీడీలో ఒక్కో బొమ్మకి లక్ష చుక్కలే. డీవీడీకి 4 లక్షలు, ఈ బ్లూరేకి 20 లక్షల పైచిలుకు, 4కే డిస్కుకి 83 లక్షలు. జల్లెడ సన్నబడింది, రేణువు చిక్కింది.

కొందరు డిస్కులవాళ్లకి ఇది నచ్చదు. కంప్యూటర్‌తో గ్రెయినంతా తుడిచేస్తారు. దానితోపాటే చర్మం మీది గరుకూ, చీర నేతా పోతాయి. మనుషులు మైనపు బొమ్మలవుతారు. బియ్యంలో రాళ్లు ఏరమంటే నూకలన్నీ పారబోసినట్టు!

ఫిల్ము మీద పడే గీతల సంగతి వేరు, అవి పోవాల్సిందే. మన బాత్రూం కిటికీ గరుకు అద్దం మీద నీళ్లు చల్లి చూడు, అవతలి చెట్టు కనపడుతుంది. గరుకు గుంటల్లో నీళ్లు నిండి, వెలుగు చెదరకుండా సూటిగా వస్తుంది. ఫిల్ము వెనకవైపు గీతలకీ అదే వైద్యం. వెలుగుని ఫిల్ములాగే వంచే ద్రవంలో తడుపుతూ స్కాన్ చేస్తే గీత మాయం. దానికి వాడే పెర్‌క్లోరోఇథిలీన్, పట్టుచీరల డ్రైక్లీనింగ్‌లో వాడే సరుకే. గీత లోతుగా దిగి బొమ్మనే కోసేస్తే మాత్రం ఇది పనిచెయ్యదు. పక్క బొమ్మలోంచి ఆ కాస్త ముక్క అరువు తెచ్చి కంప్యూటర్‌లో అతకాలి.

అసలు ఈ సినిమా నీ ముందుకు రావడమే వింత. 1955 నాటిది. దీన్ని తీసిన సత్యజిత్ రాయ్ సినిమాల నెగటివులు లండన్‌లో ఒక ల్యాబులో ఉండగా 1993లో అక్కడ మంటలు లేచాయి. మిగిలిన చుట్టలు మాడిన అప్పడాల్లా వంకర్లు తిరిగి, ముట్టుకుంటే విరిగేట్టున్నాయి. అయినా ఆస్కార్ అకాడెమీ ఆర్కైవ్ వాళ్లు పారేయకుండా దాచారు. ఇరవై ఏళ్ల తర్వాత అవి ఇటలీలో బొలోన్యా నగరం చేరాయి. ముందు ఆ ఫిల్ముకి మళ్లీ చెమ్మ పట్టించారు. వానాకాలం అప్పడాలు మెత్తబడ్డాయని నానమ్మ విసుక్కుంటుందే, వాళ్లకి కావలసింది అదే! మెత్తబడ్డ ఫిల్ము మీది కరిగిన టేపూ జిగురూ తీసి, తెగిన అంచుల రంధ్రాలు చేత్తో అతికారు. దాదాపు వెయ్యి గంటల పని. ఇంతా చేస్తే ఈ సినిమా నెగటివులో 40 శాతమే వాడుకోగలిగారు. మిగతాది వేరే ఆర్కైవుల్లోని కాపీలనుంచి తెచ్చారు. జిరాక్స్‌కి జిరాక్స్ తీస్తే అక్షరం మొద్దుబారదూ, కాపీ బొమ్మా అంతే. చూస్తుంటే అక్కడక్కడా తేడా తెలుస్తుంది. తెలిస్తే తెలియనీ.

మన 'మాయాబజార్' అంటావా? 2010లో దానికి రంగులద్దారు. అది కొత్త చీర కట్టడం, పాతది ఉతకడం కాదు. కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీ నలుపు తెలుపుల్లోనే కురిపించిన వెన్నెలకి రంగెందుకో నాకు అర్థం కాలేదు. అన్నట్టు, టీవీ నిండాలని బొమ్మ సాగదీయకు. ఘటోత్కచుడు సరే, పాపం శశిరేఖ కూడా లావెక్కుతుంది.

ఇక శబ్దం. బొమ్మ పక్కన ఓ సన్నటి చార, దానిమీద అలల్లాంటి గీత. దీపపు వెలుగు దాన్ని దాటి, వెలుగుని కరెంటుగా మార్చే ఫోటోసెల్ మీద పడుతూ హెచ్చూతగ్గూ అయితే, అదే మాటా పాటా. ఫిల్ము సెకనుకి 45.7 సెంటీమీటర్లు పరుగెడుతుంది. సెకనుకి 8000 కంపనాల కీచుస్వరం అందులో ఇమడాలంటే ఒక్కో అల 0.057 మిల్లీమీటర్లు, తలవెంట్రుక మందం! అక్కడ దుమ్ము పడితే టప్‌మంటుంది. వెండి పలుకులే సన్నగా సుయ్‌మంటాయి. ఆ సుయ్యి ఉండే ఎత్తులోనే మన సకారాలూ, తాళాల ఘల్లూ ఉంటాయి. మొత్తం తుడిస్తే పాత్రలు దుప్పటి ముసుగులోంచి మాట్లాడినట్టుంటుంది.

ఇదుగో, రెల్లుపూల చేను వచ్చింది. అపూ, దుర్గా ఆ తీగల స్తంభం దగ్గర ఆగారు చూడు. గుంయ్‌మనే మోత వినపడుతోందా? దాని వెనక సన్నటి సుయ్యి కూడానా? ఉండనీ. కాస్త సౌండ్ పెంచు, రైలొస్తుంది.