పాకుడు రాళ్లపై పట్టు నిలిచేదెలా?
గెడ్డలు దాటేవారు పాదరక్షల ఎంపికలో గమనించాల్సినవి

పాడేరు: వానలు మొదలైతే మన్యంలో గెడ్డలు పొంగుతాయి. వంతెన లేని గ్రామాల గిరిజనులు సంతకు వెళ్లాలన్నా, ఉపాధ్యాయులు బడికి చేరాలన్నా, ఆశా కార్యకర్తలు మందులు అందించాలన్నా నీటిలో దిగక తప్పదు. అక్కడ ప్రవాహంతో పాటు కాలి కింది పాకుడు రాయీ ప్రమాదకరమే. అరిగిన చెప్పుతో అడుగు జారితే మోకాలి లోతు నీటిలోనూ ప్రాణాపాయం ఏర్పడుతుంది.

జారడానికి కారణమిదీ..
నిత్యం నీటిలో ఉండే రాళ్లపై నాచు జిగురు పొరలా పేరుకుంటుంది. చెప్పు అడుగుభాగం నున్నగా ఉంటే దానికీ రాతికీ మధ్య నీరు చిక్కుకుని పట్టు తప్పుతుంది. అడుగున గాడులుంటే నీరు వాటిగుండా పక్కకు పోయి, రబ్బరు రాతిని తాకుతుంది. ప్రవాహ వేగం రెట్టింపైతే కాళ్లపై పడే తోపుడు నాలుగు రెట్లవుతుంది. అందుకే చిన్న జారుడు సైతం మనిషిని పడగొడుతుంది.

ఇవి వద్దు
హవాయి చెప్పులకు మడమ వద్ద పట్టీ ఉండదు. నీటి విసురుకు అవి ఊడిపోతాయి. కొట్టుకుపోతున్న చెప్పును అందుకోబోయి పడిపోయే ప్రమాదముంది. గమ్‌బూట్లు బురదకు అనుకూలమే అయినా, పైనుంచి నీరు నిండితే కాలు ఎత్తడమే కష్టమవుతుంది. తోలు బూట్లు నీటిని పీల్చి బరువెక్కుతాయి. ఒట్టి కాళ్లతో దిగితే పదునైన రాళ్లు, గాజు పెంకులు గుచ్చుకుంటాయి.

ఎంపిక ఇలా..
అడుగుభాగం మెత్తని రబ్బరుతో ఉండాలి. గోటితో నొక్కితే కాస్త లోపలికి పోవాలి. గాడులు లోతుగా, అంచుల వరకూ తెరుచుకుని ఉండాలి. మడమను బిగించే పట్టీ లేదా లేసు, వేళ్లకు రక్షణ, నీరు బయటకు పోయే రంధ్రాలు అవసరం. ఖరీదైనవి కొనలేనివారు గాడులు అరగని కాన్వాస్ బూట్లు వాడవచ్చు. విదేశాల్లో చేపల వేటగాళ్లు వాడే ఫెల్ట్ అడుగు నాచుపై బాగా పట్టు ఇస్తుంది. అయితే అది ఒక ఏటి నాచును మరో ఏటికి చేరవేస్తుందని న్యూజిలాండ్ 2008లో మంచినీటి చేపల వేటలో దాన్ని నిషేధించింది. బురద దారుల్లోనూ అది జారుతుంది. కనుక మన్యం బాటలకు రబ్బరే మేలు.

వాడకంలో జాగ్రత్తలు
వాడిన తర్వాత బురద కడిగి నీడలో ఆరబెట్టాలి. ఎండకు రబ్బరు గట్టిపడి పట్టు కోల్పోతుంది. గాడులు అరిగితే మార్చుకోవాలి.

ఎంత మంచి బూటైనా వరదను ఆపలేదు. చేతికర్రతో లోతు చూస్తూ, ప్రవాహం వచ్చే దిక్కుకు ముఖం పెట్టి, పక్కకు చిన్న అడుగులు వేయాలి. నీరు మోకాలు దాటినా, రంగు మారి బురదగా వస్తున్నా దిగరాదు. ఇక్కడ ఎండ కాస్తున్నా ఎగువ కొండల్లో కురిసిన వానకు గెడ్డ ఒక్కసారిగా పెరుగుతుంది. అప్పుడు గట్టుపై వేచి ఉండడమే క్షేమం.