ముఖచిత్రమున ఏడుగురు, కథలో ఇద్దరు

ఏడు వంటకముల పేర్లు చెప్పి విందునకు బిలిచి, రెండు మాత్రమే వడ్డించిన యిల్లాలిని అతిథులు మెచ్చుకొందురా? మర్యాదకై అప్పటికేమియు ననకపోయినను, మరునాడు నలుగురును చెప్పుకొనక మానరు. పత్రికకు మొదటి సంచికయు నట్టి విందే. అందు చదువరికి గలిగిన తృప్తినిబట్టియే రెండవ సంచిక యింటికి వచ్చుటయు, రాకుండుటయు నుండును.

అమెరికాదేశమున డీసీ కామిక్సు అను ప్రచురణ సంస్థ 2011వ సంవత్సరము ఆగస్టు 31వ తేదీన ‘జస్టిస్ లీగ్’ అను బొమ్మల కథల పత్రికను మరల ఒకటవ సంచికతో నారంభించెను. వేరువేరుగా దుష్టశిక్షణ మొనర్చు అతిమానుష వీరులు ఒక కూటమిగా నేర్పడుటయే యిందలి యితివృత్తము. పాతకథల చిక్కుముళ్లను ప్రక్కకు ద్రోసి, క్రొత్త చదువరులను రాబట్టవలెనని ఆ సంస్థ 52 పత్రికలను ఒకటవ సంఖ్యతో మొదలిడ దలచినది. ఆ వరుసకు నాందివంటిది ఈ సంచిక. రచన జెఫ్ జాన్స్, చిత్రములు జిమ్ లీ. ఇరువురును ఆ రంగమున బేరొందినవారే. వెల 3 డాలర్ల 99 సెంట్లు.

ముఖచిత్రము కన్నులపండువుగా నున్నది. సూపర్‌మాన్, బాట్‌మాన్, వండర్ వుమన్, గ్రీన్ లాంటర్న్, ఫ్లాష్, ఆక్వామాన్, సైబోర్గ్ అను నేడుగురును అందు గలరు. లోపలి పుటలు త్రిప్పిచూచిన నేమున్నది? గోథం నగరపు మేడలపై బాట్‌మాన్‌ను పోలీసులు తరుముచుందురు. అంతలో గ్రీన్ లాంటర్న్ వచ్చును. ఇద్దరును ఒక వింతజీవి వెంటబడుచు, నడుమ నడుమ వాదులాడుకొందురు. ఆ జీవి యొక పెట్టెను విడిచి నశించును. దానిని గూర్చి తెలిసికొనుటకై వారిరువురును సూపర్‌మాన్ ఉన్న నగరమునకు బోవుదురు. అతడు కనబడి కయ్యమునకు దిగుసరికి సంచిక ముగిసినది! కూటమి ఏర్పడనేలేదు, ఎవరిపై పోరాడవలెనో కూడ తేలలేదు. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట గబ్బిలాల వాసన యన్న సామెత యిచ్చట జ్ఞప్తికి రాకమానదు.

మన మింకను విచారింపదగిన దొకటి కలదు. ఆ యేడుగురిలో స్త్రీ యొక్కతెయే. ఆమె బొమ్మను జూచి ముచ్చటపడి యే బాలికయైనను ఈ సంచికను గొన్నచో, లోపల నామె కథలో నెచ్చటను గానరాదు. ఆమె ప్రవేశించునది మూడవ సంచికలో. రెండు నెలలు నిరీక్షించి, మరి రెండు మారులు వెల చెల్లించినగాని ఆ బాలికకు దన నాయిక దర్శనము కాదన్నమాట. పెద్దల కిది స్వల్పముగ దోచవచ్చును. దాచుకొన్న సొమ్ముతో గొన్న పిల్లకు స్వల్పము గాదు.

ఆమె చరిత్రమును జూచిన నీ లోపము మఱింత స్పష్టమగును. మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడైన విలియం మౌల్టన్ మార్‌స్టన్ 1941లో ఈ వీరనారిని సృష్టించెను. 1942లో నాటి వీరుల కూటమిలో నామెకు జోటు దొరకినది; అయితే కార్యదర్శి పని యప్పగించిరి! 1960లో ‘జస్టిస్ లీగ్’ తొలి కథ వెలువడినపుడు మాత్ర మామె తక్కినవారితో సమానముగా రంగమునకు దిగినది. ఆ సంచిక వెల 10 సెంట్లు. అందును సూపర్‌మాన్, బాట్‌మాన్‌ల పాత్ర మిక్కిలి స్వల్పమే. ఐనను నక్షత్రాకారముగల యొక రాక్షసజీవిని తక్కిన యైదుగురును పనులు పంచుకొని జయించిరి. కథ ఆ సంచికలోనే ముగిసినది. ఏబదియేండ్ల పిమ్మట వచ్చిన క్రొత్త సంచిక ఈ రెండు విషయములందును వెనుకంజ వేసినది.

గుణమును గూడ జెప్పుట న్యాయము. చిత్రలేఖనమున కొరత లేదు. బాట్‌మాన్ మాటలలో బెట్టి ఎదుటివాని శక్తిమంతమైన యుంగరమును దొంగిలించు ఘట్టము నవ్వు పుట్టించును. తరువాత సైబోర్గ్ కానున్న విక్టర్ స్టోన్ ఇందొక ఆటగాడైన విద్యార్థి. తండ్రి తన యాటను లక్ష్యపెట్టడను వాని వ్యథ తల్లుల మనస్సును దాకును. సంచిక రెండు లక్షలకు బైగా నమ్ముడువోయినది గూడ. మొదటి ఆఱు సంచికలు 2012లో గ్రంథముగా వెలువడినవి. ఒక్కుమ్మడి చదువువారికి ఈ మందగమన మంతగా బాధింపదు. కాని నెలనెలకు వెల యిచ్చువాడు గ్రంథములోని యొక ప్రకరణమును గాదు, ఒక సంచికను గొనుచున్నాడు. వానికి ఆ సంచికలోనే కొంత ఫలము దక్కవలదా?

కాబట్టి సోదరీమణులారా, పిల్లలకు బొమ్మల పత్రికలను గొనునపుడు అట్టను మాత్రమే చూచి సొమ్ము చెల్లింపకుడు. నాలుగు పుటలు త్రిప్పి చూడుడు. అట్టమీద నున్నవారు లోపల నున్నారా? మన బాలిక మెచ్చిన నాయికకు జేయుటకు బనియున్నదా? చదివి మూసినపుడు పిల్లలు చెప్పుకొనుటకొక కథ మిగులునా? ఈ మూడింటికిని ఔనని సమాధానము వచ్చినచో సందేహింపక కొనవచ్చును. రానిచో, సంచికలన్నియు గూర్చిన గ్రంథము వెలువడు వరకు వేచియుండుట మేలు.