పేకముక్కలపై బ్రతుకు

అమెరికాలో పోకరు అను పేకాటయే జీవనోపాధిగాఁ గలవారున్నారు. వారి లెక్క యొకటి విన్నవించెదను. ఆటలో నేర్పునకుఁ దావు కలదు. అయినను, చేత రెండు ఆసులున్నవాఁడు సైతము రెండు రాజులున్నవానితోఁ దలపడి, ఇంచుమించు 5 మార్లలో నొకమా రోడును. తప్పు చేయకయే నెలలకొలఁది నష్టపడవచ్చును. అప్పుడు, నేర్పు నశించెనేమో యను సంశయము నిద్ర చెఱచును. ఆడవలసిన సొమ్మే ఇంటి గ్రాసమునకుఁ బోవును. అది విత్తనపు వడ్లు దంచుకొని తినుట వంటిది.

1980, 1981లలో లాస్ వేగాస్ ప్రపంచ పోటీని గెలిచిన స్టూ అంగర్, ఇతర పందెములచేతను మత్తుమందులచేతను ధనమెల్లఁ బోఁగొట్టుకొనెను. 1997లో 10,000 డాలర్ల ప్రవేశ రుసుము మఱొకఁడు చెల్లింపఁగా ఆడి, 10 లక్షలు గెలిచెను. అందు సగ మా పెట్టుబడిదారునిదే. మఱుసటి యేఁడే, 45వ యేఁట, అద్దె గదిలో మరణించెను.

నేర్పొక్కటే చాలునని నమ్ము యువకులకు మీరీ లెక్క వినిపింపుఁడని నా మనవి.