మణిమేకలై ఏదీ?

ఇంట్లో మాట తెలుగు.. బడిలో చదువు తమిళం. తమిళనాట తరాలుగా ఉంటున్న మనవాళ్లకు ‘పొన్నియిన్ సెల్వన్’ సొంత కథే. 1950-54 మధ్య ‘కల్కి’ వారపత్రికలో సీరియల్‌గా వచ్చిన ఈ నవలను మణిరత్నం 2022, 2023లలో రెండు సినిమాలుగా తీశారు. చూసి మురిసిన అభిమానులే నిలదీశారు కూడా. వందియదేవుణ్ని ప్రేమించిన మణిమేకలై ఏదీ అని! నవల ముగిసేది ఆమె మరణంతోనే. తెరపై ఆమె లేనే లేదు.

ఆంధ్రాలో డబ్బింగ్ చూసినవారి గోడు వేరు.. ఇన్ని పేర్లు ఎలా గుర్తుంటాయండీ అని. నిజానికి పరాయి కథేం కాదు. పొన్నియిన్ సెల్వన్ అంటే అరుళ్‌మొళి, తర్వాతి రాజరాజ చోళుడు. ఆయన కూతుర్ని వేంగి విమలాదిత్యుడికిచ్చారు. వారి కొడుకే నన్నయతో భారతం రాయించిన రాజరాజనరేంద్రుడు. నవల చదివిన అమ్మమ్మలు పిల్లలకు మణిమేకలై కథతో పాటు ఈ చుట్టరికమూ చెప్పాలి.